పళ్లెంలోకి వచ్చిందే సరుకు: కిరాణా ఖర్చు తగ్గాలంటే ఏది ఎంచుకోవాలి?

నెల సరుకుల బిల్లును ఎంత తిప్పి చూసినా ఒక సంగతి అందులో కనపడదు. ఏమేమి కొన్నామో అది చెబుతుంది, అందులో ఎంత తిన్నామో చెప్పదు. కొన్నేళ్ల కిందట ఇంటి ఖర్చు చెయ్యి దాటిపోతోందని అనిపించినప్పుడు, బిల్లులు పక్కన పెట్టి చెత్తబుట్ట పైన గోడకు ఒక కాగితం అంటించాను. నెల రోజులపాటు ఎవరు ఏది పారేసినా దాని మీద రాయాలని ఇంట్లో అందరికీ చెప్పాను. నెల చివర చదివితే, ఖరీదు పెట్టి ముచ్చటపడి కొన్న వస్తువు ఒక్కటీ అందులో లేదు. చవకగా వచ్చిందని తెచ్చిన రెండో ఆకుకూర కట్ట, పెద్దదైతే కలిసొస్తుందని కొన్న బ్రెడ్‌లో సగం, రాయితీలో దొరికిన సాస్ సీసాలో మిగిలిన మూడో వంతు, రేపు తిందామని మూత పెట్టి మరచిపోయిన అన్నం. పొదుపు అనుకుని కొన్నవే ఎక్కువగా బుట్టలో పడ్డాయి.

అప్పటి నుంచి ధరలను పోల్చే పద్ధతి మార్చుకున్నాను. కిలో ఎంత అని అడగడం మానేసి, పళ్లెంలోకి వచ్చిన కిలో ఎంత పడింది అని చూస్తున్నాను. ఈ ఇబ్బంది ఏ ఒక్క ఇంటిదో కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిపి ప్రపంచంలో సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. తొక్కలు, ఎముకలు కూడా చేర్చిన లెక్క అది. అందులో 60 శాతం ఇళ్ల వాటాయే. మనిషికి ఏడాదికి సగటున 79 కిలోలు. దుకాణంలో బేరమాడి మిగిల్చిన దానికంటే వంటింట్లో పోగొట్టుకునేది ఎక్కువగా ఉండే ఇళ్లు చాలానే ఉంటాయని ఈ అంకె చూశాక నాకు గట్టిగా అనిపించింది.

పెద్ద ప్యాకెట్టా, చిన్న ప్యాకెట్టా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే లెక్క ఒకటుంది. పెద్ద ప్యాకెట్‌లో కిలో ధర ఎంత శాతం తక్కువో, అంత శాతం సరుకు పారేస్తే లాభం సున్నా. కిలోకు 20 శాతం తక్కువ పడిందని పెద్దది కొన్నారు, అందులో ఐదో వంతు పురుగు పట్టి పోయింది. చిన్నది కొన్నవాళ్లూ మీరూ ఒకే ధరకు తిన్నట్టు. అంతకు మించి పారేస్తే చిన్న ప్యాకెట్టే చవక. కొనే ముందు ఈ ఒక్క శాతాన్ని మనసులో పెట్టుకుని, ఇంట్లో ఆ వస్తువు ఎంత మిగిలిపోతుందో నిజాయితీగా గుర్తు చేసుకుంటే చాలు.

అలా చూస్తే ఏవి మూటగా కొనాలో, ఏవి కొనకూడదో వాటంతట అవే విడిపోతాయి. ఉప్పు, చక్కెర, తెల్ల బియ్యం, ఎండు పప్పులు, సబ్బులు తేమ తగలకుండా ఉంచితే నెలల తరబడి పాడు కావు. ఇవి పెద్ద ప్యాకెట్టే తీసుకోండి. ముడి బియ్యం, తవుడు తీయని గోధుమ పిండి చూడటానికి వాటిలాగే ఉన్నా స్వభావం వేరు. తవుడులో ఉండే నూనె కొన్నాళ్లకు ముక్కిపోయి వాసన వస్తుంది, కాబట్టి రెండు మూడు నెలలకు సరిపడా మించి వద్దు. బాదం, వేరుశనగ వంటి నూనె గింజలకూ, వంట నూనెకూ ఇదే వర్తిస్తుంది. మసాలా దినుసులు గింజలుగా ఉంటే వాసన ఎక్కువ కాలం నిలుస్తుంది, పొడి కొడితే త్వరగా పోతుంది. గింజ పెద్ద ప్యాకెట్, పొడి చిన్న డబ్బా అన్నది నా నియమం.

ధాన్యానికి పురుగు భయం ఉన్నవాళ్లకు ఒక ఉపాయం. తెచ్చిన ధాన్యాన్నో పిండినో గట్టిగా మూసిన సంచిలో పెట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే, లోపల ఉన్న పురుగు గుడ్లు చచ్చిపోతాయి. తర్వాత సంచి తెరవకుండానే గది వేడికి రానిచ్చి, తడి లేని డబ్బాలో పోసుకోవచ్చు. ఫ్రీజర్‌లో అంత చోటు లేనివాళ్లు మూట జోలికి పోకుండా నెలకు సరిపడా కొనుక్కోవడమే మేలు.

రాయితీలు: ఏ మాట వెనుక ఎంత?

20 శాతం ధర తగ్గింపు, 20 శాతం అదనపు సరుకు ఉచితం. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. నిజానికి రెండో దానిలో 100 గ్రాముల ధరకే 120 గ్రాములు వస్తుంది కాబట్టి, గ్రాముకు పడే తగ్గింపు 17 శాతం లోపే. ధర తగ్గింపే మేలు, పైగా అక్కరలేని అదనపు సరుకు ఇంటికి రాదు. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నది మూడో వంతు తగ్గింపు. అయితే ఆ మూడోదాన్ని కూడా తినాలి. మూడోది పాడైతే మీరు పూర్తి ధర చెల్లించినట్టే.

చాప కింద నీరులా వచ్చే ధర పెంపు ఇంకొకటి ఉంది. ధర అదే ఉంటుంది, ప్యాకెట్ రూపం కూడా అదే ఉంటుంది, లోపల 500 గ్రాములు 450 గ్రాములు అవుతుంది. అది 11 శాతం పెంపు. ధర మాత్రమే గుర్తుపెట్టుకునేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు. కనుక దుకాణం అరమీద కిలో ధర లేదా లీటరు ధర రాసి ఉంటే దాన్నే చదవండి. లేకపోతే ఫోనులో ధరను బరువుతో భాగించండి. ఐదు సెకన్ల పని. నేను ఎక్కువగా కొనే 15 వస్తువుల కిలో ధరలు ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఏ రాయితీ నిజమైనదో, ఏది ధర పెంచి తగ్గించినదో ఆ పుస్తకమే చెబుతుంది.

పేరున్న కంపెనీ సరుకా, దుకాణం సొంత పేరుతో అమ్మేదా అన్న ఎంపికలో ఎక్కువసేపు ఆగక్కర లేదు. ఉప్పు, చక్కెర, పిండి, పప్పులు, శుభ్రం చేసే ద్రవాలు వంటి వాటిలో చవకైనదే ముందు తీసుకుని చూడండి. వెనుక ఉన్న పదార్థాల జాబితాలో పరిమాణాన్ని బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుస ఉంటుంది. రెండు ప్యాకెట్లలోనూ మొదటి మూడు నాలుగు పేర్లు ఒకటే అయితే, పేరుకోసం అదనంగా చెల్లించడానికి రుచి తప్ప ఇంకో కారణం ఉండదు. ఇంట్లోవాళ్లు ఒక పేరున్న టీపొడికో వెన్నకో అలవాటు పడి ఉంటే దాన్ని లాక్కోకండి. ఇష్టం లేని చవక వస్తువు అలమరలో మూలన పడి ఉంటుంది, అది కూడా వృథాయే.

వారానికోసారా, రోజూనా? బుట్టా, బండా?

రోజూ దుకాణానికి వెళ్లేవాళ్లు తాజాగా తింటారు, కానీ వెళ్లిన ప్రతిసారీ జాబితాలో లేనిది ఒకటో రెండో చేతికి తగులుతాయి. నెలకోసారి వెళ్లేవాళ్లకు ఆ బెడద తక్కువ, కూరగాయలు మాత్రం నిలవవు. ధాన్యం, పప్పులు, నూనె నెలకోసారి, కూరగాయలు, పండ్లు వారానికి ఒకటి రెండుసార్లు అన్న మధ్యస్థ పద్ధతే ఎక్కువ ఇళ్లకు సరిపోతుందని నా అభిప్రాయం. పాలు దీనికి మినహాయింపు.

ఆకలి రుచి ఎరుగదంటారు, దుకాణంలో అది ధర కూడా ఎరుగదు. తిని వెళ్లండి. ఉన్నదేమిటో చూసుకున్న తర్వాతే జాబితా రాయండి. వారానికి ఏం వండాలో ముందు అనుకుని సరుకులు కొనేవాళ్లూ ఉన్నారు, చవకగా దొరికినవి తెచ్చుకుని వాటితో ఏం వండాలో ఆలోచించేవాళ్లూ ఉన్నారు. వంట బాగా చేయి తిరిగినవాళ్లకు రెండో పద్ధతిలో మిగులు ఎక్కువ. కొత్తగా వండుతున్నవాళ్లు మొదటి దానితో ప్రారంభించడమే క్షేమం.

ఇక చక్రాల బండి గురించి. 1937లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణాల యజమాని దీన్ని ప్రవేశపెట్టాడు. చేతిబుట్ట నిండి బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి, ఆ బరువును చేతి మీద నుంచి తీసేశాడు. ఆయన తీసేసిన బరువే కొనేవాడికి అంతవరకూ అదుపుగా ఉండేది. పది వస్తువులకు వెళ్లినప్పుడు బుట్టే పట్టుకోండి. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లకు ఈ బరువు అసలే తెలియదు, కానీ మొత్తం ఎంతయిందో తెర మీద ఎప్పటికప్పుడు కనిపిస్తుంది, చివరి నిమిషంలో తీసేయడం కూడా తేలిక. చేర్చినదంతా ఒక రాత్రి అలాగే వదిలి, పొద్దున చూసి కొన్ని తీసేసి, అప్పుడు కొనే అలవాటు ఉంటే ఆన్‌లైన్ మంచి ఎంపిక. సరుకు ఉచితంగా ఇంటికి చేర్చాలంటే ఇంకొంచెం కొనమన్నప్పుడు లొంగిపోయేవాళ్లకు కాదు.

తాజా, గడ్డకట్టించినది, డబ్బాలోది, ఎండినది

ఎక్కువ మంది తాజాదే మంచిది, మిగిలినవి తప్పనిసరి అయితేనే అనుకుంటారు. పళ్లెం లెక్కలో అది ఎప్పుడూ నిజం కాదు. బఠానీలనే తీసుకోండి. కాయలు వొలిస్తే గింజ తూకంలో 40 శాతం కూడా రాదు. అంటే కాయల కిలో ధరను రెండున్నరతో హెచ్చవేస్తేనే గింజల అసలు ధర. ఫ్రీజర్ ప్యాకెట్ ధరను ఆ అంకెతో పోల్చాలి. పంట కాలంలో కాయలు గెలవవచ్చు, మిగతా ఏడాదంతా సాధారణంగా ప్యాకెట్టే గెలుస్తుంది. కోసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టించినవి కాబట్టి పోషకాలలోనూ, నాలుగు రోజులు అరమీద ఉండి వాడిపోయిన తాజా కూర కంటే తీసికట్టు కావు. అన్నింటికీ మించి, కావలసినన్ని తీసుకుని మిగిలినవి వెనక్కి పెట్టేయవచ్చు. ఒక్కరో ఇద్దరో ఉన్న ఇంటికి ఇదే పెద్ద మేలు.

డబ్బాలో వచ్చే ఉడికిన శనగలు, ఎండు శనగల మధ్య తేడా ఇంకా పెద్దది. 400 గ్రాముల డబ్బాలో నీరు వంచితే సుమారు 240 గ్రాముల గింజలు ఉంటాయి. 100 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే దాదాపు అంతే వస్తాయి. కాబట్టి డబ్బా ధరను 100 గ్రాముల ఎండు శనగల ధరతో పోల్చండి, ఎంత చెల్లిస్తున్నారో తెలుస్తుంది. ఆ అదనం సమయానికీ ఇంధనానికీ ఇచ్చే ధర. రాత్రి నానబెట్టి ప్రెషర్ కుక్కర్‌లో పెడితే ఆ రెండూ చాలావరకు తగ్గిపోతాయి. నీరు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కుక్కర్ లోపల ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. విడి గిన్నెలో గంటకు పైగా పట్టేవి 20 నిమిషాల్లో మెత్తబడతాయి. ఒకేసారి అర కిలో ఉడికించి, పూటకు సరిపడా భాగాలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, మీ ఇంట్లోనే డబ్బా సరుకు తయారైనట్టు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఎర్ర రాజ్మా గింజల్లో సహజంగా ఒక విషపదార్థం ఉంటుంది, సరిగా ఉడకకపోతే వాంతులు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా కనీసం 10 నిమిషాలు, నిశ్చింతగా ఉండాలంటే 30 నిమిషాలు మరిగించాలి. సన్నని వేడి మీద గంటల తరబడి వండే విద్యుత్ పాత్రల్లో పచ్చి గింజలు నేరుగా వేయవద్దు. ఆ వేడి విషాన్ని విరచడానికి చాలదు. పొదుపు కోసం ఎండు గింజల వైపు మళ్లేవాళ్లు ముందు నేర్చుకోవలసింది ఇదే.

మాంసకృత్తుల లెక్క కూడా చెప్పాలి, బిల్లులో పెద్ద ముక్క తరచూ అక్కడే ఉంటుంది కాబట్టి. 100 గ్రాముల ఎండు పప్పుల్లో 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. కిలో పప్పు దాదాపు 35 గుడ్లతో సమానం. మీరు ఉండే చోటి ధరలు వేసి మాంసం, గుడ్లు, పప్పు పోల్చి చూడండి. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే చిన్న భాగాలతో తయారవుతాయి. పప్పుల్లో తక్కువగా ఉండే ఒక అమైనో ఆమ్లం ధాన్యాల్లో ఉంటుంది, ధాన్యాల్లో తక్కువైనది పప్పుల్లో ఉంటుంది. రెండూ కలిపి తింటే లోటు తీరుతుంది. మాంసం తినే ఇళ్లలో దాన్ని పూర్తిగా మానమని నేను చెప్పను. ఒక పూట మాంసంలో సగం తగ్గించి ఆ స్థానంలో పప్పో చిక్కుడు గింజలో వేస్తే, ఇంట్లో గొడవ లేకుండా ఖర్చు తగ్గుతుంది.

వండుకోవడమా, కొనుక్కోవడమా?

బయట భోజనంతో పోలిస్తే ఇంటి వంట చవక అన్నదాన్ని ఎవరూ కాదనరు. కష్టమైన ప్రశ్న, ఇంట్లో ఏ ఏ పనులు చేయాలన్నది. అన్నీ సొంతంగా చేసుకోవాలని పట్టుబట్టినవాళ్లు రెండో వారానికే అలసిపోయి బయటి నుంచి తెప్పించుకుంటారు. నేనూ అలా అలసిపోయాను. కాబట్టి ఎంచుకోవాలి.

పెరుగు ఇంట్లోనే తోడు పెట్టుకోండి. లీటరు పాలకు దాదాపు లీటరు పెరుగు వస్తుంది, చేయవలసిన పని పది నిమిషాలు కూడా లేదు. కాచిన పాలు 45 డిగ్రీల దగ్గరికి, అంటే వేలు పెడితే హాయిగా వెచ్చగా ఉండే దాకా చల్లారాక ఒక చెంచా పాత పెరుగు కలిపి, కదపకుండా కొన్ని గంటలు ఉంచితే చాలు. కోసిన కూరముక్కలు, కడిగి సంచిలో పెట్టిన ఆకుకూరలు, తురిమిన చీజ్ కొనవద్దు. కత్తి పనికి అంత ధర ఎక్కువ, పైగా కోసినవి త్వరగా పాడవుతాయి. సూప్, గింజల కూర, సలాడ్ మీద వేసే నూనె మిశ్రమం వంటివి ఇంట్లోనే. నూడుల్స్, బిస్కట్లు, పండు ఉచితంగా దొరకనప్పుడు జామ్, ఇవి కొనుక్కోవచ్చు. మిగిలే దానికంటే పని, ఇంధనం ఎక్కువ. ఓవెన్ ఒక్క వస్తువు కోసం వేడి చేయడం దండగ. వెలిగించిన రోజు రెండు మూడు రకాలు ఒకేసారి పెట్టుకోవాలి.

రోజూ వండాలా, ఒకేసారి ఎక్కువ వండి నిలవ చేయాలా అన్నది సాయంత్రం ఇంటికి ఎంత అలసటతో వస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్లకు ఫ్రీజర్‌లో నాలుగు డబ్బాల కూర ఉంటే, ఫోను తీసి భోజనం తెప్పించాలన్న ఆలోచన రాదు. పొదుపు మొత్తం ఆ ఒక్క క్షణంలో తేలుతుంది. ఫ్రిజ్ 4 డిగ్రీల లోపు, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. వండినది రెండు గంటల్లోపు లోపలికి వెళ్లాలి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించకూడదు. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. వంటలో చావని ఒక రకం సూక్ష్మజీవి బీజాలు వెచ్చని అన్నంలో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

తేదీల విషయంలోనూ మంచి సరుకు చాలా పోతుంది. ఫలానా తేదీ లోపు వాడాలి అని ఉంటే అది భద్రతకు సంబంధించినది, దాటితే తినకూడదు. ఫలానా తేదీ వరకు ఉత్తమం అన్నది రుచికి, నాణ్యతకు సంబంధించినది. సరిగా నిలవ చేసిన పప్పు, పిండి, బిస్కట్లు ఆ తేదీ దాటగానే చెడిపోవు. చూసి, వాసన పట్టి నిర్ణయించుకోవచ్చు.

నిలవలో ఇంకో రెండు ముక్కలు. అరటిపండ్లు, యాపిల్స్, టమాటాలు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, పక్కన ఆకుకూరలు ఉంటే త్వరగా పసుపెక్కుతాయి. వేరుగా ఉంచండి. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు చీకటిగా, గాలి ఆడేచోట, ఒకదానికొకటి దూరంగా.

ఎవరికి ఏది?

ఒంటరిగా ఉండేవాళ్లు చిన్న ప్యాకెట్లు, ఫ్రీజర్ కూరగాయలు ఎంచుకుని, వారానికి ఒక రోజు గట్టిగా వండుకోవడం మేలు. పెద్ద మూటల లాభం మీకు అందదు, ఆ చింత వదిలేయండి. పిల్లలున్న పెద్ద కుటుంబం ధాన్యం, ఎండు పప్పులు మూటగా కొనాలి, చిరుతిండిని మాత్రం చిన్న మొత్తాల్లోనే తేవాలి. పెద్ద ప్యాకెట్ చిరుతిండి ఎక్కువ రోజులు రాదు, అదే రోజుల్లో ఎక్కువ తింటారు. ఫ్రిజ్ లేని ఇంటికి ఎండు సరుకులు, దుంపలు, పూటకు సరిపడా తాజా కూరలే దారి, అక్కడ డబ్బా సరుకు కూడా కొన్నిసార్లు సరైన ఎంపికే. చేతిలో డబ్బు వారం వారం వచ్చేవాళ్లు మూట కోసం అప్పు చేయకండి. 10 శాతం తగ్గింపును వడ్డీ తినేస్తుంది.

మా ఫ్రిజ్‌లో కళ్లకు ఎదురుగా ఉండే అరను ముందు తినాల్సిన వాటికే కేటాయించాం. సగం కోసిన ఉల్లిపాయ, నిన్నటి పప్పు, మెత్తబడుతున్న టమాటాలు అన్నీ అక్కడే ఉంటాయి. జాబితా రాసే ముందు ఆ అర ఖాళీ చేసే వంట ఒకటి ఆలోచిస్తాం. గోడ మీద కాగితం ఇప్పటికీ ఉంది, పోయిన నెల దాని మీద నాలుగు వరుసలే పడ్డాయి. అందులో రెండు ఆకుకూరలే. వచ్చే వారం నుంచి ఒక కట్టే తెస్తాను.